ఎత్తు బంతులు

సెమీఫైనల్ గెలిచిన సాయంత్రం భద్రాచలం బస్టాండులో జట్టంతా మిరపకాయ బజ్జీల బండి చుట్టూ చేరి కేకలు పెడుతుంటే, ఉదయ్ భాస్కర్ ఒక్కడే బస్సు మెట్టు మీద కూర్చుని బూటు లేసు విప్పుతూ, మళ్ళీ కడుతూ ఉన్నాడు. గెలిచిన ఫుట్‌బాల్ జట్టుకు సెంటర్ ఫార్వర్డ్ అతనే. మధిర జట్టు మీద ఒకటీ సున్నాతో గెలిచారు. కానీ ఆ ఒక్క గోలూ వీళ్ళు కొట్టింది కాదు. వెనక కాపలా ఉండే మధిర బ్యాక్ ఒకడు కంగారుపడి బంతిని సొంత గోల్‌లోకే తన్నుకున్నాడు.

"ఏరా, కాలు పట్టేసిందా?" అంటూ వచ్చాడు వెంకటరామారావు. ఆయన జట్టుకు కోచ్, ఉదయ్‌కి తండ్రి.

"లేదు నాన్నా."

"మరి ఆ మొహం ఏంటి? ఫైనల్‌కి వచ్చాం."

ఉదయ్ మళ్ళీ లేసు మీదకు వంగాడు. ఆయన భుజం తట్టి, రెండు బజ్జీలు కాగితంలో పెట్టి చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

పాల్వంచలో వెంకటరామారావుకు ఎరువుల కొట్టు ఉంది. కృష్ణా జిల్లా నుంచి పత్తి సాగుకని వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం. విజయవాడలో చదువుకునే రోజుల్లో కాలేజీ జట్టుకు సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడాడు. బంతులు తనదాకా రానివ్వలేదనీ, వచ్చి ఉంటే రాష్ట్ర జట్టులో ఉండేవాణ్ణనీ ఆయన బాధ. ఆ బాధలోంచే ఈ కిన్నెరసాని ఎలెవన్ జట్టు పుట్టింది. థర్మల్ స్టేషన్‌లో కాంట్రాక్టు పని చేసేవాళ్ళు, చుట్టుపక్కల తండాల వాళ్ళు, అడవి పల్లెల వాళ్ళు కలిసి పదిహేను మంది. అందరిలోకీ పొడుగు ఉదయ్. ఇరవై నాలుగేళ్ళు. ఎగిరితే తల గోల్ పై కర్రకు తగిలేటంత మనిషి.

ఆయన ఆట పద్ధతి చాలా సులువు. వెనక ఎవరికి బంతి దొరికినా ఎత్తి ముందుకు కొట్టాలి. ఉదయ్ ఎగిరి తలతో దించుకుని గోల్ కొట్టాలి. మిగతావాళ్ళు ఎవరి చోట వాళ్ళు ఉండాలి. చిన్న జట్ల మీద ఇది బాగానే పనిచేసింది. టోర్నమెంటులో ఉదయ్ పేరు మారుమోగింది. "సార్ కొడుకుని ఆపడం ఎవరి తరం కాదు" అనుకున్నారు.

మధిర వాళ్ళు ఆపారు. పొడుగాటి బ్యాకులు ఇద్దరు, ఒకడు ముందు, ఒకడు వెనక, ఆట మొదలైనప్పటి నుంచీ అతణ్ణి వదల్లేదు. బంతులన్నీ ఆకాశంలోంచే వచ్చాయి. అన్నీ వాళ్ళ తలలకే తగిలి వెనక్కి పోయాయి. ఉదయ్‌కి మెడ నొప్పి, మోచేతుల పోట్లు మిగిలాయి.

బస్సు గోదావరి వంతెన ఎక్కాక రూప్లా వచ్చి పక్కన కూర్చున్నాడు. జట్టులో కుడి అంచున ఆడే రైట్ అవుట్ అతను. పాల్వంచ పక్కన తండా. ఉరికితే పట్టుకునేవాడు ఈ చుట్టుపక్కల లేడు.

"అన్నా, నా నిక్కరు సూడు" అన్నాడు రూప్లా. "తెల్లగనే ఉన్నది. ఇస్త్రీ గూడ పోలె. నేను మ్యాచ్ ఆడినట్టేనా గిది?"

ఉదయ్ నవ్వాడు.

"సగం లైను దాటొద్దంటడు పెద్దసారు. దాటితే గుంజుకొస్తడు. గా దూలయ్యను సూడు. కాళ్ళతోని ముగ్గేస్తడు. బంతి రాంగనే లేపి కొట్టుమంటడు సారు. ఆనికి లేపుడు రాదు, కింద జారగొట్టుడే వస్తది."

రెండు సీట్ల అవతల దూలయ్య కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. దుమ్ముగూడెం అవతల అడవి పల్లె నుంచి పనికొచ్చిన మనిషి. పొట్టిగా, బక్కగా ఉంటాడు. మాట తక్కువ. నిద్రపోలేదని అతని బొటనవేలు కదలడం చూసి ఉదయ్‌కి తెలిసింది.

"నాన్నతో నేను మాట్లాడతా" అన్నాడు.

"నువ్వు మాట్లాడితే ఇంటడా?"

"ఏమో."

మర్నాడు పొద్దున కొట్లో యూరియా బస్తాలు దింపించే హడావుడి అయ్యాక ఉదయ్ ఆ మాట ఎత్తాడు. తండ్రి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏంటి, పద్ధతి మార్చాలా? గెలుస్తున్న పద్ధతిని?"

"నిన్న మనం గెలవలేదు నాన్నా. వాళ్ళు ఓడిపోయారు. ఫైనల్లో కొత్తగూడెం వాళ్ళు. వాళ్ళ బ్యాకులు మధిర వాళ్ళకన్నా పొడుగు. బంతి కింద నుంచి పోవాలి. రూప్లాని ఉరకనివ్వు. దూలయ్య దగ్గర బంతి ఉండనివ్వు. పదకొండు మందిని దింపి ఒక్కడితో ఆడిస్తున్నావు నువ్వు."

"ఆ ఒక్కడు ఎవడు?"

"నేనే."

"నీకోసమే కదరా ఇదంతా!" వెంకటరామారావు గొంతు హెచ్చింది. బయట హమాలీలు ఇటు తిరిగి చూశారు. ఆయన గొంతు తగ్గించాడు. "ఫైనల్‌కి హైదరాబాద్ నుంచి క్లబ్బు కోచ్ వస్తున్నాడు. ఎంత మందిని పట్టుకుంటే వస్తున్నాడో తెలుసా నీకు? నీ వయసుకి ఇంకో ఏడాది దాటితే ఎవడూ చూడడు. బంతి నీదాకా రాకపోతే నువ్వేం ఆడతావో వాడికెలా తెలుస్తుంది? నాకు జరిగిందే నీకూ జరగాలా?"

హైదరాబాద్ క్లబ్బులో ఆడాలని ఉదయ్‌కీ ఉంది. చెప్పుకోలేనంత ఉంది. అయినా నిన్నటి ఆట గుర్తొస్తే కుర్చీలో కూర్చోబుద్ధి కావడం లేదు. లేచి గుమ్మం దాకా వెళ్ళి, తిరిగి వచ్చాడు.

"నాదాకా వచ్చిన బంతి ఏమవుతుందో నిన్న చూశావుగా" అన్నాడు.

తండ్రి కళ్ళజోడు పెట్టుకుని బిల్లుల మీదకు వంగాడు. సాయంత్రం కాలనీ గ్రౌండులో ప్రాక్టీసుకి అందరూ చేరాక మాత్రం, నడుం మీద చేతులు పెట్టుకుని, "సరే, ఇవాళ మీ ఇష్టం వచ్చినట్టు ఆడండి. బంతి కిందే ఉండాలి. రూప్లా, నీకు లైను లేదు, ఎంత దూరం పోతావో పో" అన్నాడు.

రూప్లా నమ్మలేనట్టు చూశాడు. "నిజంగనే సారూ?"

"మళ్ళీ అడిగితే మనసు మార్చుకుంటా."

ఉదయ్ ఒళ్ళంతా తేలికైంది. తను గెలిచాననుకున్నాడు. ఆట మొదలైన కాసేపటికే ఆ తేలిక పోయింది. దూలయ్య ఇద్దరి మధ్య నుంచి బంతిని జారగొట్టాడు. అది సరిగ్గా పడాల్సిన చోటే పడింది. ఉదయ్ మాత్రం అక్కడికి ఒక అంగ ఆలస్యంగా చేరాడు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ ఆలస్యమే. రూప్లా పక్క నుంచి లోపలికి దూసుకొస్తే ఎదురుగా ఉదయ్ నిలబడి ఉన్నాడు. ఇద్దరూ గుద్దుకున్నారు. "అన్నా, జర జరుగు" అన్నాడు రూప్లా మెల్లగా. ఎటు జరగాలో ఉదయ్‌కి తెలియలేదు. ఇన్నేళ్ళూ ఉన్నచోట నిలబడి పైకి చూడటమే అతని ఆట.

వెంకటరామారావు ఈల వేశాడు. "భాస్కర్, బయటికి రా. కాసేపు నీళ్ళు తాగు. బద్యా, నువ్వు ముందుకు పో."

బద్యాది రూప్లా తండానే. సన్నగా, గడుసుగా ఉంటాడు. ఇంతవరకూ సబ్‌స్టిట్యూట్‌గా తప్ప ఆడలేదు. ఉదయ్ వచ్చి తండ్రి పక్కన నిలబడి నీళ్ళ సీసా మూత తీశాడు గానీ తాగలేదు.

గ్రౌండులో ఆట మారిపోయింది. రూప్లా, బద్యా తమ భాషలో ఒకరికొకరు అరుచుకుంటున్నారు. గ్రౌండులో తెలుగే మాట్లాడాలని ఆయన పెట్టిన రూలు ఎవరికీ గుర్తులేదు. దూలయ్య బంతి కాలి కింద పెట్టుకుని తలెత్తి చూస్తున్నాడు. ఆ తల ఎత్తడం ఉదయ్ మొదటిసారి చూశాడు. ఒక జారుడు, ఒక పరుగు, వెనక్కి ఒక చిన్న తోపు, గోల్. మళ్ళీ కాసేపటికి ఇంకోటి. గోల్ ముందు అడ్డుగా ఉండే స్టాపర్ బ్యాక్ పగిడయ్య, జట్టులో అందరికన్నా పెద్దవాడు, రెండు చేతులూ పైకెత్తి, "అరె, ఏందిర గిది! నన్ను బతకనియ్యరా?" అని నవ్వుతున్నాడు.

చాలాసేపు తండ్రీకొడుకులు అలాగే చూస్తూ నిలబడ్డారు.

"ఏం కనిపించిందిరా?" అన్నాడు వెంకటరామారావు. ఆ గొంతులో ఎగతాళి లేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు.

ఉదయ్ నీళ్ళ సీసాకు మూత పెట్టేశాడు. "నేను లేకపోతేనే బాగుంది" అన్నాడు.

ఇంటికి వెళ్ళేటప్పుడు తండ్రి స్కూటర్ దారి మధ్యలో ఆపి, ముందు చక్రం వైపు చూస్తూ, "ఎల్లుండి ఫైనల్లో బయట కూర్చోగలవా?" అని అడిగాడు.

"నువ్వు చెప్పు. కోచ్‌వి నువ్వు."

"కోచ్‌గా నాకు తెలుసు. అందుకే నిన్ను అడుగుతున్నా."

"కూర్చుంటా" అన్నాడు ఉదయ్. అనేశాక వెంటనే ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించింది. ఈలోగా స్కూటర్ కదిలింది.

ఇంట్లో సంగతి తెలిసి తల్లి రాఘవమ్మ గరిటె పొయ్యి పక్కన పడేసింది. "సొంత కొడుకుని కూర్చోబెట్టి ఊళ్ళోవాళ్ళ పిల్లల్ని ఆడిస్తారా? హైదరాబాద్ నుంచి మనిషి వస్తుంటే? వీడు తిక్క మాటలు మాట్లాడితే మీ బుద్ధి ఏమైంది?" వెంకటరామారావు సగం అన్నం వదిలేసి లేచాడు. ఉదయ్ పూర్తిగా తిన్నాడు. ఏం తిన్నాడో అతనికే తెలియదు.

ఫైనల్ రోజు భద్రాచలం గ్రౌండు నిండిపోయింది. కొత్తగూడెం నుంచి రెండు లారీల్లో జనం దిగారు. డప్పులు తెచ్చుకున్నారు. హైదరాబాద్ నుంచి వచ్చిన కోచ్ నీలం టోపీ పెట్టుకుని షామియానా కింద కూర్చున్నాడు. మైకులో పేర్లు చదివారు. ఉదయ్ భాస్కర్ పేరు రాకపోయేసరికి జనంలో గోల లేచింది. "సార్ కొడుకు ఏడీ? కాలిరిగిందా?" అని ఎవరో అరిచారు.

ఆట మొదలైంది. ఉదయ్ బెంచీ మీద ఒక్క నిమిషం కూడా కూర్చోలేకపోయాడు. లేచి లైను వెంట అటూ ఇటూ తిరిగాడు. లైన్‌మన్ రెండుసార్లు కసురుకుంటే వచ్చి కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. కాళ్ళు వాటంతట అవే ఆడుతున్నాయి. బంతి ఎక్కడ పడితే అక్కడికి పోవాలని ఒళ్ళు ముందుకు తూలుతోంది.

దూలయ్య జారగొట్టిన మొదటి బంతికే రూప్లా బ్యాకుని దాటేశాడు. ఎదురుగా గోలీ ఒక్కడే. జనం లేచారు. రూప్లా కొట్టాడు. బంతి కర్ర పక్కనుంచి బయటికి పోయింది.

ఆ క్షణంలో ఉదయ్ గుండెలో సంతోషం లాంటిదేదో చిన్నగా మెరిసింది. మెరిసిందని తెలియగానే అతనికి చెవులు వేడెక్కాయి. ఎవరైనా చూశారేమోనని పక్కకు తిరిగాడు. తండ్రి గ్రౌండు వైపే చూస్తున్నాడు. ఉదయ్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, "పర్లేదు రూప్లా! మళ్ళీ పో!" అని గొంతు చించుకున్నాడు. ఎంత గట్టిగా అరిచాడంటే, తన అరుపులో ఎంత నిజముందో తనకే అర్థం కాలేదు.

రూప్లా మళ్ళీ పోయాడు. ఈసారి తను కొట్టలేదు. గోల్ ముందుకు అడ్డంగా తోసి బద్యాకి ఏదో అరిచాడు. కొత్తగూడెం బ్యాకులకు ఆ మాట అర్థమయ్యేలోపే బద్యా కాలు పెట్టాడు. గోల్. ఉదయ్ ఎగిరి పక్కనున్న నీళ్ళ బిందెను తన్నేశాడు. ఈ సంతోషం మాత్రం అతను వెతుక్కోనక్కర్లేకుండానే వచ్చింది.

కొత్తగూడెం వాళ్ళు హాఫ్‌టైమ్ లోపే కార్నర్ నుంచి తలతో కొట్టి సమం చేశారు. రెండో సగం మొదట్లో దూలయ్య ముగ్గురిని తిప్పి, నాలుగోవాడి కాళ్ళ మధ్య నుంచి బంతి వదిలాడు. రూప్లా ఈసారి తొందరపడలేదు, గోల్ కొట్టాడు. రెండూ ఒకటి. డప్పులు ఆగిపోయాయి.

అప్పటి నుంచి కొత్తగూడెం వాళ్ళు పద్ధతి మార్చారు. వెనక నుంచి ఎత్తి కొట్టడం, ముందు ఇద్దరు పొడుగువాళ్ళు ఎగరడం. అచ్చం మొన్నటిదాకా కిన్నెరసాని ఎలెవన్ ఆడిన ఆటే. పగిడయ్య ఎగురుతున్నాడు గానీ అందడం లేదు. రెండు బంతులు వెంట్రుకవాసిలో తప్పిపోయాయి. ఉదయ్ లైను దగ్గర తనకు తెలియకుండానే ప్రతి బంతికీ ఒక అడుగు ముందో, వెనకో వేస్తున్నాడు. ప్రతిసారీ అతను అడుగు వేసిన చోటికే బంతి వస్తోంది.

"నాన్నా" అన్నాడు. "నన్ను వెనక దింపు."

"వెనకా? నువ్వెప్పుడైనా ఆడావా వెనక?"

"ఆ బంతులు ఎక్కడ పడతాయో నాకు తెలుసు. ఇన్నేళ్ళూ నేను చేసింది అదేగా."

వెంకటరామారావు ఒకసారి షామియానా వైపు చూశాడు. నీలం టోపీ అతను అప్పటికే లేచి, బ్యాగు భుజాన వేసుకుని, కొత్తగూడెంలో రైలు అందుకోవడానికి జీపు వైపు నడుస్తున్నాడు. ఆయన కాసేపు అటే చూసి, చేయి ఎత్తి బద్యాని బయటికి పిలిచాడు.

ఉదయ్ లోపలికి వెళ్ళాడు. వచ్చిన మొదటి బంతిని తలతో లైను అవతలికి పంపాడు. రెండోదీ, మూడోదీ అంతే. "సెబాస్ తమ్మీ!" అన్నాడు పగిడయ్య. ముందు నిలబడి ఎదురు చూసిన బంతినే వెనక నిలబడి పంపేయడంలో చిత్రమైన హాయి ఉంది. తర్వాత వచ్చిన బంతి కూడా అతనిదే. ఎగిరాడు. బాగానే తగిలింది. కానీ పక్కకు కొట్టాల్సింది, అలవాటు కొద్దీ తల కిందికి వంచాడు. గోల్ కొట్టేటప్పుడు కొట్టినట్టు. బంతి దిగి, కొత్తగూడెం ఆటగాడి కాలి ముందు పడింది. అతను ఆగకుండా కొట్టాడు. రెండూ రెండు.

డప్పులు మళ్ళీ మొదలయ్యాయి. ఉదయ్ గడ్డి మీద మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. దూలయ్య వచ్చి చంక కింద చేయి వేసి లేపాడు. "లెవ్వన్నా. ఇంక ఆట ఉన్నది" అన్నాడు.

ఆ తర్వాత ఇంక గోల్ పడలేదు. ఎక్స్‌ట్రా టైమ్ మొదటి సగం అయ్యేసరికి చలికాలపు పొద్దు గోదావరి అవతలికి వాలిపోయింది. గ్రౌండులో లైట్లు లేవు. బంతి కనపడటం లేదని రిఫరీ ఆట ఆపేశాడు. పెద్దలు మాట్లాడుకుని ఇద్దరూ విజేతలేనని మైకులో ప్రకటించారు. కప్పు చెరో ఆరు నెలలు ఉంచుకోవాలట. ముందు ఎవరనేదానికి బొమ్మాబొరుసు వేస్తే అదీ కొత్తగూడెం వాళ్ళకే పడింది.

బస్సులో కేకలు లేవు, బాధా లేదు. అంతా వాదనే. "బద్యాను తీసుడు తప్పు సారూ. ఆడుంటె మూడోది కొట్టేటోళ్ళం" అన్నాడు రూప్లా. "తియ్యకపోతే ఇంక రెండు గోల్స్ తింటుంటిమి. భాస్కర్ తమ్మి ఎన్ని ఆపిండో సూడలే?" అన్నాడు పగిడయ్య. వెంకటరామారావు సీటులో వెనక్కి తిరిగి మోకాళ్ళ మీద కూర్చుని, "దూలయ్యా, నువ్వు చెప్పవయ్యా" అన్నాడు. ఆయన కొడుకుని కాక ఇంకో ఆటగాణ్ణి అభిప్రాయం అడగడం అదే మొదలు. దూలయ్య సిగ్గుపడి, కాసేపు ఆలోచించి, "బద్యా ఉండాలె, భాస్కరన్నా ఉండాలె. నన్ను తీయాల్సుండె సారూ. నాకు గప్పటికే దమ్ము అయిపోయింది" అన్నాడు. బస్సంతా ఒక్కసారి నవ్వింది. దూలయ్య నవ్వలేదు. నిజమే చెప్పాడు.

గోల తగ్గాక రూప్లా ఉదయ్ చెవి దగ్గరికి వంగాడు. "అన్నా, గా టోపీ సారు హాఫ్‌టైమ్‌ల నా పేరడిగిండు. సంక్రాంతి అయినంక హైదరాబాద్ రమ్మన్నడు. ఆడుడు సూస్తనన్నడు. నీకు చెప్పాల్నా వద్దా అని అప్పటి సంది నాకు ఒకటే గుబులు."

ఉదయ్ కిటికీ వైపు తిరిగాడు. బయట ఏమీ కనపడటం లేదు. లోపల ఏదో గట్టిగా నొక్కినట్టయింది. అది పోతుందేమోనని కాసేపు ఆగి చూశాడు. పోలేదు.

"పో" అన్నాడు. "నీ బూట్లు అరిగిపోయాయి. నావి సరిపోతాయేమో చూడు."

"నీ కాళ్ళు పడవలన్నా" అన్నాడు రూప్లా.

మర్నాడు సాయంత్రం ప్రాక్టీసు లేదు. అయినా ఉదయ్‌కి ఇంట్లో కాలు నిలవలేదు. కొట్లో కూర్చుంటే గిరాకీలందరూ తనవల్ల పడ్డ ఆ రెండో గోల్ గురించే అడుగుతున్నారు. సైకిలేసుకుని పగిడయ్య ఉండే క్వార్టర్స్‌కి వెళ్ళాడు. పగిడయ్య షిఫ్టు దిగి వచ్చి అప్పుడే కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"పగిడన్నా, బంతిని పక్కకు కొట్టడం ఎట్లా? తల ఎటు తిప్పాలి?"

"ఇప్పుడా? జర అన్నం తిననియ్యి తమ్మీ."

"తిని రా. నేను గ్రౌండులో ఉంటా" అని, జవాబు కోసం ఆగకుండా సైకిల్ తిప్పాడు.